స్తంభం పక్క బల్ల

గీలాంగ్‌లో, కొరియో ఖాతం గాలి
తలుపు సందులో ఈల వేసే పాత ఉన్ని గోదాములో
మా అక్క కూతురి రిసెప్షన్.
వెడల్పు పద్దెనిమిది మీటర్లు, పొడవు ముప్ఫై ఒకటి,
నట్టనడుముకి కాస్త ఎడంగా ఒక కొయ్య స్తంభం.
"అన్నీ జరుపుకోవచ్చు, అదొక్కటి తప్ప"
అంది డొరీన్, తాళాలగుత్తి ఊపుతూ.
ఎన్ని ఉన్ని మూటలు ఒరుసుకుపోయాయో
నడుమెత్తున దాని ఒళ్లు నున్నబడింది.

పగలు నేను రేవులో ధాన్యం ఓడలకు చోటు చూస్తాను.
ఓడలు అలగవు.

గ్రాఫు కాగితం మీద గది గీసి
ఓట్స్ డబ్బాల అట్టలోంచి
ఇరవై రెండు గుండ్రాలు కత్తిరించాను.
గుండ్రానికి పదిమంది.
కుర్చీ వెనక్కి జరిగితే ఇంకో జానెడు,
దాని వెనక వేడి పళ్లెం పట్టుకుని
పక్కకు తిరిగి నడిచే కుర్రాడికి మూడు జానలు.
బంతిలో అయితే మొదలుంటుంది, చివరుంటుంది,
నెయ్యి చివరిదాకా రాలేదన్న నిష్ఠూరముంటుంది.
గుండ్రటి బల్లకు చివరెక్కడ, అనుకున్నాను.
ఉంటుందట.
వేదికకు వీపు పెట్టి కూర్చునేవాడిదే చివరట.
మా బావ మూడు రాత్రులు అదే చెప్పాడు.

పెళ్లికొడుకు లూకా నాయనమ్మ ల్యూబిత్సా
చక్రాల కుర్చీలో వస్తుంది.
అందుకని ముందు ఆమె దారి గీశాను,
గుమ్మం నుంచి కొత్త జంట దాకా,
కేబుళ్లూ కుచ్చిళ్లూ అడ్డురాకుండా.
తర్వాతే వేదిక.
వినికిడి మిషను పెట్టుకునే సుభద్రత్తయ్య
స్పీకర్లకు దూరంగా.
పసిబిడ్డల తల్లులు గోడవార.
హంసిని ముచ్చటపడ్డ పూల కమాను
అత్యవసర ద్వారానికి అడ్డం, కుదరదు.
దానికి బదులు డాన్సుకు ఆరు మీటర్ల చదరం,
ఎనిమిదింటికి కూడా జనవరి ఎండ
ఏటవాలుగా పడే కిటికీల కింద.

మిగిలింది స్తంభం పక్కన పదిహేడు.
అక్కణ్ణుంచి పెళ్లికూతురి ఎడమ మోచెయ్యి ఒక్కటే కనబడుతుంది.

చేతిలో మిగిలింది ఇద్దరు మనుషులు:
కోదండపాణి బాబాయి, చక్రపాణి బాబాయి.
లారాలో కలిసి కొన్న జాగాలో
కంచె జానెడు అటా ఇటా అని
పదకొండేళ్లుగా మాటల్లేవు.
ఒకరిని ఈ కొసన, ఒకరిని ఆ కొసన పెట్టి చూశాను.
"అందరికీ తెలిసేంత దూరం పెట్టకు పిన్నీ"
అంది హంసిని.
నిజమే. రెండువందల మెడలు
అటూ ఇటూ తిరుగుతాయి, టెన్నిస్ చూస్తున్నట్టు.

చివరికి పదిహేడులో ఒకరు, పద్దెనిమిదిలో ఒకరు,
వీపుకు వీపు,
మధ్యలో మూరెడు మందం చేవ కొయ్య.
ఆ కంచె జరగదు.

చెప్పొద్దూ, నా పటం బిర్యానీ దాకా నిలిచింది.
ఆ తర్వాత కుర్చీలు వలసపోయాయి.
మూడో బల్ల చుట్టూ పద్నాలుగు మంది,
తొమ్మిదో బల్లకు ఒక హ్యాండ్‌బ్యాగు కాపలా.
ల్యూబిత్సా దారి మాత్రం ఎవరూ మూయలేదు.
పిల్లలు ఆ దారినే ఆమెను తోసుకుంటూ
డాన్సు చదరంలో మూడు చుట్లు తిప్పారు,
ఆమె బ్రేకు వేస్తే నవ్వారు.

బాబాయిలు మాట్లాడుకున్నారని చెప్పను.
దండలు మార్చుకునేప్పుడు
స్తంభానికి ఒకే పక్కనుంచి, ఒకేసారి,
ఇద్దరూ మెడలు చాచారు.
"జరుగు" అన్న మాట ఒకటి వినబడింది.
ఎవరన్నారో,
మనిషితో అన్నారో కుర్చీతో అన్నారో.

అర్ధరాత్రి డొరీన్ చీపురు అందుకుంది.
నేల మీద అంటించిన అంకెలు గోటితో పీకుతూ వచ్చి
పదిహేడు దగ్గర ఆగాను.
రెండు కుర్చీలు, స్తంభానికి ఇవతల, పక్కపక్కన.
ఊడ్చేటప్పుడు తనే జరిపిందేమో, అడగలేదు.
మధ్య ఎడం ఎంతుందో చూద్దామని
కొలత టేపు సగం లాగి,
మళ్లీ వదిలేశాను.
టక్కున లోపలికి పోయింది.